స్టిక్కరు మీది అంకెలకూ మన కంటికీ చెవికీ పొత్తు ఎంత?

హంద్రీగట్టు, కర్నూలు
2025 అక్టోబరు 6, రాత్రి 9.40

దసరాకు ముందు పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగడంతో, రెండేళ్ళుగా వాయిదా వేస్తూ వచ్చిన కొనుగోలును ఈసారి కానిచ్చేశాను. 55 అంగుళాల 4కె టీవీ, పిల్లవాడి పోరు పడలేక ఒక ప్లేస్టేషన్ 5 గేము యంత్రం, నా ముచ్చట కొద్దీ ‘హై-రెస్’ (సీడీని మించిన ధ్వని అని దాని భావం) అనే బంగారు రంగు గుర్తు వేసిన బ్లూటూత్ హెడ్‌ఫోను, ఈ మూడూ కలిసి బిల్లు నా రెండు నెలల జీతానికి దగ్గరగా తేలింది. జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి, డబ్బు కట్టి వచ్చాక తీరిగ్గా కూర్చుని లెక్కలు వేశాను. అవి కొనకముందు వేయవలసిన లెక్కలని మా ఇంటావిడ అప్పుడే అనేసింది, కనుక ఆ మాట ఇక్కడ మళ్ళీ ఎవరూ అనవద్దని మనవి.

కంటి డాక్టరు 6/6 అని రాసిచ్చే చూపు, ఒక డిగ్రీ కోణంలో అరవయ్యో వంతు ఎడం ఉన్న రెండు చుక్కలను విడివిడిగా పట్టగలదు. అంతకన్నా దగ్గరగా ఉంటే రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. 55 అంగుళాల తెర వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు. ఫుల్ హెచ్‌డీలో అడ్డంగా ఉండే 1,920 చుక్కలతో భాగిస్తే ఒక్కో చుక్క 0.63 మిల్లీమీటర్లు అవుతుంది. ఆ చుక్క కంటికి విడిగా తెలియకుండా పోయే దూరం దాదాపు 2.2 మీటర్లు, అంటే ఏడడుగుల పైచిలుకు. మా హాల్లో గోడకు బిగించిన టీవీ నుంచి సోఫా దాకా టేపు పెట్టి కొలిస్తే పదకొండు అడుగుల రెండు అంగుళాలు వచ్చింది. ఫుల్ హెచ్‌డీలో 20.7 లక్షల చుక్కలు, 4కెలో 82.9 లక్షల చుక్కలు. తేడాగా వచ్చిన అరవై రెండు లక్షల చుక్కలకూ నేను డబ్బు కట్టాను గాని, నేను కూర్చునే చోటి నుంచి వాటిలో ఒక్కటీ నాకు కనిపించే వీలు లేదు.

చెవి సంగతి అంతకన్నా చిత్రంగా ఉంది. 1982లో వచ్చిన సీడీ, ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి 16 బిట్లతో, అంటే పదహారు సున్నా-ఒకట్ల సంఖ్యగా, నమోదు చేస్తుంది. కొలతల సంఖ్యలో సగం వరకు ఉండే పౌనఃపున్యాలను తిరిగి నిర్మించవచ్చన్నది నైక్విస్ట్, షానన్‌ల సిద్ధాంతం. అంటే సెకనుకు 22,050 కంపనాల (హెర్ట్జ్) దాకా. మనిషి చెవికి, అదీ చిన్న వయసులో, 20,000 హెర్ట్జ్ హద్దు. మరి హై-రెస్ పేరుతో 96,000 సార్లు, 1,92,000 సార్లు కొలిచామని చెప్పి అమ్ముతున్నది ఎవరి చెవుల కోసం?

ఈ కొత్త సాంకేతికత వల్ల కొనుక్కునేవాడికి నిజంగా ఒరిగేది ఉన్నదా, లేక అంకె మారిస్తే గాని పాత సరుకు కొత్తది కాదన్న వ్యాపార సూత్రమేనా? ఈ పనిలో చేయి పెట్టినవారు చెబితే వినాలని ఉంది.


కడపబండ, కడప
అక్టోబరు 6, రాత్రి 10.55

మాస్టారూ, నమస్కారం. ముప్పై నాలుగేళ్ళుగా టీవీలు బాగుచేసే దుకాణం నాది. సిద్ధాంతాలు మీకు తెలిసినంత నాకు తెలియవు గాని, చెవి గురించి ఒక సంగతి చెబుతాను.

పాత డబ్బా టీవీ నడుస్తుంటే దోమ రొద కన్నా సన్నగా ఒక కూత వచ్చేది. సెకనుకు 25 బొమ్మలు, బొమ్మకు 625 గీతలు, వెరసి 15,625 హెర్ట్జ్. పని నేర్చుకునే రోజుల్లో వీధిలో నడిచిపోతూనే ఏ ఇంట్లో టీవీ పెట్టి ఉందో చెప్పేవాణ్ణి. మొన్న ఆగస్టులో ఒక పెద్దాయన అటక మీది సెట్టు దించి తెచ్చాడు. వెనక మూత విప్పి కరెంటు ఇచ్చాను. నిశ్శబ్దం. తెరకు అధిక వోల్టేజి ఇచ్చే ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మరు పోయిందనుకుని మీటరు అందుకోబోతుండగా, నా దగ్గర పని నేర్చుకుంటున్న పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు ‘ఆ కూత ఆపు మామా, చెవులు పోతున్నాయి’ అని రెండు చేతులూ చెవులకు అడ్డం పెట్టుకున్నాడు. తెర మీద వెలుగు వచ్చేదాకా నాకు నమ్మకం కుదరలేదు. యాభై ఎనిమిదేళ్ళ నా చెవికి 15,000 దగ్గరే తలుపు మూసుకుపోయిందన్నమాట. ఇక 40,000 హెర్ట్జ్ దాకా పలికే స్పీకరును నా ఎదుట పెడితే దానికీ నాకూ మధ్య మాటలుండవు.

టీవీల సంగతికి వస్తే, చుక్కలు నాలుగింతలయ్యాయి గాని నా దుకాణానికి వచ్చే రోగాలు మాత్రం పాతవే: తెర వెనక వెలుగునిచ్చే బ్యాక్‌లైట్ స్ట్రిప్ మాడిపోవడం, వేసవిలో వోల్టేజి దెబ్బకు పవర్ బోర్డు పోవడం. ప్యానెల్, అంటే తెరే, పోయిందంటే నేనే ‘వద్దు, కొత్తది కొనుక్కోండి’ అంటాను, ఎందుకంటే ప్యానెల్ ధర దాదాపు టీవీ ధరకు సమానం. చాలామంది షాపులో పెట్టిన ‘స్టోర్ మోడ్’ను ఇంటికి తెచ్చాక కూడా మార్చరు, వెలుగు నూటికి నూరు మీద ఏళ్ళ తరబడి నడుస్తుంది. దాన్ని అరవైకి దించితే బొమ్మా మెత్తబడుతుంది, స్ట్రిప్పూ నాలుగు కాలాలు ఉంటుంది. ఈ పనికి పైసా ఖర్చు లేదు.

మీ టీవీ పెట్టె మీద 120 అని ఎక్కడైనా రాసి ఉందా? ఉంటే ఆ అంకెకు ముందున్న పదం ఏమిటో చూసి రాయండి.


గడియారస్తంభం, అనంతపురం
అక్టోబరు 7, ఉదయం 7.20

మాస్టారి లెక్క తప్పని అనను; అది మాస్టారి సోఫాకు మాత్రమే వర్తించే లెక్క అంటాను. నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థిని, గేములు ఆడేది బల్ల మీద, 27 అంగుళాల మానిటరు ముందు, రెండడుగుల దూరంలో. అదే సూత్రాన్ని ఇక్కడ వేసి చూడండి. ఫుల్ హెచ్‌డీ అయితే చుక్క 0.31 మిల్లీమీటర్లు, 60 సెంటీమీటర్ల దూరంలో అది కంటి హద్దుకు దాదాపు 1.8 రెట్లు, అంటే మెట్లు మెట్లుగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 4కె అయితే 0.16 మిల్లీమీటర్లు, అప్పుడు గాని హద్దు లోపలికి రాదు. హాల్లో దండగ అయిన చుక్కలే బల్ల మీద పనికొస్తున్నాయి. కాబట్టి ‘4కె మోసం’ అని ఒక్క మాటలో తేల్చేయడం సరికాదు.

అయితే గేములు ఆడేవాడికి అసలు మేలు చుక్కల్లో లేదు, వేగంలో ఉంది. 60 హెర్ట్జ్ తెర (సెకనుకు 60 బొమ్మలు చూపేది) మీద ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది, 120 మీద 8.3. మీట నొక్కిన క్షణానికీ తెర మీద మనిషి కదిలే క్షణానికీ మధ్య ఆలస్యం తగ్గడం చేతికి తెలుస్తుంది. రెండు వారాలు 120 మీద ఆడి తిరిగి 60కి వస్తే బురదలో నడిచినట్టు ఉంటుంది. నెట్ సెంటరులో మొదటిసారి 144 హెర్ట్జ్ మానిటరు ముందు కూర్చున్న రోజున ఈ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కరలేకుండానే తెలిసింది. టీవీలో ‘గేమ్ మోడ్’ అని ఒకటి ఉంటుంది. అది బొమ్మకు మెరుగులు దిద్దే పనులన్నిటినీ ఆపేసి ఆలస్యాన్ని పదుల మిల్లీసెకన్ల మేర తగ్గిస్తుంది. మాస్టారూ, మీ వాడు దాన్ని ఆన్ చేశాడా?

ఇక కంపెనీలు చెప్పే అంకెల విషయంలో నేను మీ పక్షమే. 2025 జనవరిలో లాస్ వేగస్ వేదిక మీద, గేముల బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్విడియా అధిపతి, 549 డాలర్ల 5070 కార్డు పాత 4090 కార్డుతో సమానమని ప్రకటించాడు. ఆ 4090 విడుదలైనప్పుడు 1,599 డాలర్లు. అసలు కిటుకు ఏమిటంటే, కొత్త కార్డు తాను గీసిన ప్రతి బొమ్మకూ మధ్యలో ఊహించి అల్లిన బొమ్మలను మూడేసి దాకా చొప్పిస్తుంది. లెక్కకు బొమ్మలు పెరుగుతాయి, కదలిక నున్నగా కనిపిస్తుంది, కానీ ఆ ఊహా బొమ్మలకు నా మీట నొక్కుడు తెలియదు కాబట్టి ఆలస్యం తగ్గదు. ఇదే సంస్థ 970 అనే కార్డును 4 జీబీ మెమరీ అని అమ్మితే, అందులో అర జీబీ నెమ్మదిగా పనిచేస్తుందని బయటపడి, 2016లో అమెరికాలో కొన్నవారికి తలకు 30 డాలర్లు ఇచ్చి రాజీ చేసుకోవలసి వచ్చింది.

అలాగని అంతా మాయే అనుకోనక్కరలేదు. 2021లో ఏఎండీ తెచ్చిన ఎఫ్ఎస్ఆర్ అనే పద్ధతి, తక్కువ చుక్కలతో గీసిన బొమ్మను పెద్దది చేసి చూపిస్తుంది; పోటీ కంపెనీ ఎన్విడియా పాత కార్డుల మీద కూడా పనిచేస్తుంది. నేను చేతులు మారిన 1060 కార్డు మీద ఇంకో రెండేళ్ళు నెట్టుకొచ్చానంటే దాని పుణ్యమే. ఆ కార్డు 120 వాట్లు తింటుంది. ఇప్పటి 5090 తినేది 575 వాట్లు. అనంతపురం మే నెలలో, రేకుల కప్పు గదిలో, అర కిలోవాటు కుంపటి పక్కన కూర్చుని ఆడే ఓపిక ఎవరికి ఉందో వారు కొనుక్కోవచ్చు.


పెన్నాఒడ్డు, ప్రొద్దుటూరు
అక్టోబరు 7, మధ్యాహ్నం 1.10

చెక్కభజనలు, కోలాటం పాటలు, కల్యాణోత్సవాలు రికార్డు చేసి ఇచ్చే చిన్న స్టూడియో నాది. సీడీని మించిన అంకెలు ఎవరి కోసమని మాస్టారు అడిగారు గనుక, ఎక్కువ బిట్ల విషయంలో ఒక సవరణ. వినేటప్పుడు అది దండగ కావచ్చు, రికార్డు చేసేటప్పుడు మాత్రం ప్రాణం.

16 బిట్లలో అతి మెల్లని ధ్వనికీ అతి పెద్ద ధ్వనికీ మధ్య దాదాపు 96 డెసిబెళ్ళ చోటు ఉంటుంది. 24 బిట్లలో లెక్క ప్రకారం 144. చెక్కభజన రికార్డు చేసినవారికి ఆ తేడా విలువ తెలుస్తుంది. గురువు గొంతు సవరించుకుని నెమ్మదిగా ఎత్తుకుంటాడు, ఉన్నట్టుండి ఇరవై జతల చెక్కలు ఒక్కసారి పడతాయి. 16 బిట్ల కాలంలో, చెక్కలకు తగ్గట్టు లెవెలు దించితే గురువు గొంతు అడుగున ఇసుకలా గరగరలాడేది. గొంతుకు తగ్గట్టు పెంచితే చెక్కలు పగిలేవి. 24 బిట్లు వచ్చాక లెవెలు బాగా కిందికి దించుకుని నిశ్చింతగా కూర్చుంటున్నాను, తరవాత పెంచుకున్నా రొద పైకి తేలదు. పని అంతా అయిపోయాక మీ చేతికి ఇచ్చే ఫైలు 16 బిట్లు అయినా మీకు పోయేదేమీ లేదు. వండే గుండిగ పెద్దది కావాలి. విస్తరి కూడా గుండిగంత ఉండాలని అనేవాళ్ళతోనే చిక్కు.

పాత పాటలను హై-రెస్‌లో కొత్తగా అమ్మడం గురించి కూడా అడుగుతున్నారు. ఘంటసాల కాలం నాటి మోనో టేపులో ఉన్నదెంతో అంతే. చెంబెడు నీళ్ళను కాగులో పోసినంత మాత్రాన కాగెడు కావు. టేపును మంచి యంత్రం మీద, ఓపికగా శుభ్రం చేసి ఎక్కించి ఉంటే మామూలు సీడీలో కూడా అమృతంలా ఉంటుంది. గోల పెంచి, రొద నలిపేసి, గొంతులోని గాలి కూడా పోగొట్టిన ప్రతిని ఎన్ని కిలోహెర్ట్జ్‌లో పోసినా అంతే సంగతులు.

గేములకూ సంగీతానికీ కలిపి ఒక ముచ్చట ఉంది. 2008లో మెటాలికా అనే అమెరికా రాక్ బృందం ‘డెత్ మాగ్నెటిక్’ సీడీని గోల కోసం ఎంతగా నొక్కి తయారుచేశారంటే శబ్దం పగిలి వినిపించేది. అవే పాటలు అంత నొక్కుడు లేకుండా ‘గిటార్ హీరో’ గేములోకి వెళ్ళాయి. అభిమానులు గేములో నుంచి పాటలు తీసుకుని విన్నారు. సీడీకీ గేముకూ మధ్య తేడా తెచ్చింది పాటను తయారుచేసిన మనిషి చేయి. బిట్ల ప్రమేయం అందులో లేదు.


రాగమాలిక, కర్నూలు
అక్టోబరు 7, రాత్రి 8.30

అందరూ ఒక వైపే మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను తీసుకుంటాను. నా దగ్గర వేరుగా డాక్ (ఫైలులోని అంకెలను ధ్వని సిగ్నలుగా మార్చే పెట్టె), ఆంప్లిఫైయరు, నిలువు స్పీకర్లు ఉన్నాయి. హై-రెస్ ఫైళ్ళు కొనుక్కుని వింటాను, తేడా నాకు తెలుస్తుంది. వినపడని వాళ్ళు వినపడదు అనడం న్యాయమే గాని, ఎవరికీ వినపడదు అనడం అన్యాయం. 2016లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జాషువా రైస్, అంతకుముందు జరిగిన 18 పరిశోధనలను, పన్నెండున్నర వేలకు పైగా పరీక్షలను కలిపి చూసి, హై-రెస్‌ను మనుషులు గుర్తించగలుగుతున్నారని తేల్చాడు. శిక్షణ పొందిన శ్రోతల్లో ఆ శక్తి మరింత ఎక్కువగా ఉంది. దీనికి మాస్టారు ఏమంటారు?


హంద్రీగట్టు, కర్నూలు
అక్టోబరు 7, రాత్రి 10.05

ఆ పత్రం నేనూ చూశాను. అన్నీ కలిపితే సరైన జవాబులు 52.3 శాతం. నాణెం ఎగరేస్తే 50. గణితపరంగా ఆ తేడా నిజమే కావచ్చు, దాన్ని కాదనను. కానీ నూటికి రెండు సార్లు అదనంగా కనిపెట్టగలిగే తేడా కోసం రెట్టింపు సొమ్ము పెట్టమని ఒక ఉద్యోగస్థుడికి చెప్పగలమా? శిక్షణ పొందినవారిలో అది అరవై దగ్గరకు పోయిందన్నది నిజమే. అంటే ఆ సరుకు వారికి తగినదై ఉండవచ్చు.

2007లో బోస్టన్‌లో మేయర్, మోరన్ అనే ఇద్దరు చేసిన పరీక్ష కూడా మీకు తెలిసే ఉంటుంది. హై-రెస్ డిస్కులను నేరుగా ఒకసారి, సీడీ నాణ్యతకు కుదించే యంత్రం గుండా ఒకసారి వినిపించారు. 554 పరీక్షల్లో 276 సరైన జవాబులు, అంటే సగానికి ఒకటి తక్కువ. నాకు నచ్చింది ఆ పత్రంలో వారు చేసిన ఇంకో వ్యాఖ్య: ఆ హై-రెస్ డిస్కులు చాలావరకు మామూలు సీడీల కన్నా బాగానే వినిపించాయట, ఎందుకంటే వాటిని తయారుచేసినవారు శ్రద్ధగా చేశారు. పెన్నాఒడ్డు వారు మధ్యాహ్నం అన్న మాటే అది. మీకు తేడా తెలుస్తున్న మాట అబద్ధం కానక్కరలేదు. దానికి కారణం మాత్రం కిలోహెర్ట్జ్ అయి ఉండకపోవచ్చు.

నిన్న రాత్రి నేనూ ప్రయత్నించాను. ఒకే ఫైలును రెండు రకాలుగా చేసి, రెండింటి గట్టితనం సమానంగా ఉండేట్టు సరిచూసుకుని (కొంచెం గట్టిగా ఉన్నదే మంచిదనిపిస్తుంది, చెవికి ఉన్న పెద్ద బలహీనత అదే), ల్యాప్‌టాప్‌కు తీగ హెడ్‌ఫోను పెట్టుకుని, మా అమ్మాయిని నా వెనక కూర్చోబెట్టాను. నాణెం ఎగరేసి ఏది పడితే అది వేసి, పుస్తకంలో రాసుకోవడం తన పని. ఇరవై సార్లు చెప్పాను, పదకొండు సరిపోయాయి. ఏడో సారి నాకు అపారమైన నమ్మకం కలిగింది, వీణ తీగ మీద వేలు జారిన చప్పుడు కూడా విన్నానని ప్రకటించాను. అది సీడీ నాణ్యత ఫైలు.


రాగమాలిక, కర్నూలు
అక్టోబరు 7, రాత్రి 10.40

నమ్మకం గురించి మీరు చెప్పింది ఒప్పుకుంటాను. నేనూ ఆ పరీక్ష పెట్టుకుని చూస్తాను, ఆదివారం దాకా గడువు ఇవ్వండి. అయితే మీ బ్లూటూత్ హెడ్‌ఫోనుతో మాత్రం ఎప్పుడూ పోల్చవద్దు. దాని మీద గుర్తు ఏదైనా, గాలిలో వెళ్ళేది ఎల్‌డాక్ అనే బ్లూటూత్ పద్ధతిలో అయితే గరిష్ఠంగా సెకనుకు 990 కిలోబిట్లు. మామూలు సీడీయే 1,411. అంటే పెట్టె మీద సీడీని మించినదని రాసి, లోపల సీడీ కన్నా తక్కువ పంపుతున్నారు. సిగ్నలు బలహీనపడితే అది 660కి, 330కి దిగుతుంది. ఈ విషయంలో మీకంటే నాకే కోపం ఎక్కువ, ఎందుకంటే అసలు హై-రెస్ పేరు చెడగొడుతున్నది వీళ్ళే.

యాపిల్ సంస్థ 2021లో తమ సంగీత సేవలో నష్టం లేని (లాస్‌లెస్) నాణ్యతను అదనపు రుసుము లేకుండానే ఇచ్చింది, అదే సమయంలో తమ మామూలు ఏఏసీకీ (కుదించిన ఫైలుకూ) దానికీ తేడా పట్టుకోవడం దాదాపు అసాధ్యమని తమ సహాయ పుటలో తామే రాసుకుంది. కనీసం ఆ నిజాయితీ ఉంది.


పత్తిమార్కెట్టు, ఆదోని
అక్టోబరు 8, ఉదయం 11.15

అన్నయ్యలందరికీ నమస్కారం. ఇన్ని కిలోహెర్ట్జ్‌లు చదివాక నా బాధ చిన్నదనిపిస్తోంది, అయినా అడుగుతాను. మా అమ్మకు డెబ్బై రెండేళ్ళు. పోయిన ఏడాది ‘అట్మాస్’ అని రాసి ఉన్న సౌండ్‌బారు, అంటే టీవీ కింద పెట్టే పొడుగు స్పీకరు, తెచ్చాము. అందులో శబ్దాన్ని పైకప్పుకు కొట్టే స్పీకర్లు ఉన్నాయనీ, పైనుంచి వాన కురిసినట్టు ఉంటుందనీ అమ్మినాయన చెప్పాడు. మాది పాత మిద్దె. పైన దూలాలు, దంతెలు, వాటి మీద మట్టి. వాన సంగతి దేవుడెరుగు, ఫైటింగు వస్తే ఇల్లు అదురుతుంది, మాటలు మాత్రం అమ్మకు ఒక్క ముక్క అర్థం కావడం లేదు. ఒక చేత్తో రిమోటు పట్టుకుని పెంచుతూ తగ్గిస్తూ కూర్చోవడమే నా పనైపోయింది. పాత టీవీతోనే నయమని అమ్మ అంటోంది. కొత్త సాంకేతికత వల్ల మా ఇంట్లో ఎవరికి మేలు జరిగిందో చెప్పండి.


పెన్నాఒడ్డు, ప్రొద్దుటూరు
అక్టోబరు 8, మధ్యాహ్నం 2.45

అమ్మా, మీ బాధ చిన్నది కాదు, ఈ చర్చ మొత్తంలో అసలు ప్రశ్న మీదే. పైకి కొట్టే స్పీకరు బిలియర్డ్స్ బంతిలాంటిది. నున్నటి చదును కప్పు అయితేనే తగిలి సరిగ్గా మీ మీదికి దిగుతుంది. దూలాలూ దంతెలూ ఉన్న మిద్దెలో తలో దిక్కుకూ చెదిరిపోతుంది. ఆ పై స్పీకర్ల కోసం మీరు కట్టిన డబ్బు తిరిగి రాదు గాని, రిమోటులో ‘డైలాగ్’ అనో ‘వాయిస్’ అనో ఒక మీట ఉంటుంది, ‘నైట్ మోడ్’ అని ఇంకొకటి ఉంటుంది. మొదటిది మాటలను ముందుకు తెస్తుంది, రెండోది చప్పుళ్ళ ఎత్తుపల్లాలను తగ్గిస్తుంది. రెండూ వేసి, అమ్మగారిని బారుకు ఎదురుగా, ఇప్పుడున్న దాని కన్నా రెండు మూడు అడుగులు దగ్గరగా కూర్చోబెట్టండి.

నేల ఏమిటి? బండలేనా?


పత్తిమార్కెట్టు, ఆదోని
అక్టోబరు 8, మధ్యాహ్నం 3.00

బండలే. గోడలకు సున్నం, కిటికీలకు తెరలు లేవు.


పెన్నాఒడ్డు, ప్రొద్దుటూరు
అక్టోబరు 8, మధ్యాహ్నం 3.20

మాట అర్థం కాకపోవడానికి సగం కారణం ఆ బండలే. పలికిన అక్షరం నేలకూ గోడకూ తగిలి తిరిగి వచ్చి తరవాతి అక్షరం మీద పడుతుంది. మన సీమ ఇళ్ళన్నిటిలోనూ ఇదే తంతు. వేసవికి చల్లగా ఉండే బండ చెవికి మాత్రం శత్రువు. టీవీకీ మంచానికీ మధ్య దళసరి జంపఖానా పరచండి, గోడ మీద రెండు బొంతలు వేలాడదీయండి. నేను స్టూడియో పెట్టిన కొత్తలో చేసింది ఇదే, ఇప్పటికీ ఒక గోడకు మా అవ్వ కుట్టిన బొంత ఉంది.


గడియారస్తంభం, అనంతపురం
అక్టోబరు 8, సాయంత్రం 6.10

మాస్టారూ, బ్లూటూత్ మాట వచ్చింది కాబట్టి ముందే చెబుతున్నాను, మీ హెడ్‌ఫోను ప్లేస్టేషన్ 5కు నేరుగా కలవదు. దానికి మామూలు బ్లూటూత్ ఆడియో సౌకర్యం లేదు. అలాగని దిగులుపడకండి. కంట్రోలరు అడుగున 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉంది, అందులో ఏ తీగ ఇయర్‌ఫోను పెట్టినా అడుగుల చప్పుడు ఎటునుంచి వస్తోందో చెప్పే 3డీ ధ్వని వస్తుంది. ఆ లెక్కలన్నీ లోపలి చిప్పు చేస్తుంది, ఇయర్‌ఫోను ఖరీదుతో దానికి పని లేదు. ఆటలో నాకు నిజంగా ఉపయోగపడిన ధ్వని సాంకేతికత అదొక్కటే. వెనక నుంచి వచ్చేవాణ్ణి తల తిప్పకుండా కనిపెట్టవచ్చు.


హంద్రీగట్టు, కర్నూలు
అక్టోబరు 8, రాత్రి 9.30

ఆ సంగతి మొన్ననే తెలిసింది. గంటసేపు జత కలపబోయి విసిగి, పాత ఫోనుతో వచ్చిన తీగ ఇయర్‌ఫోను పెట్టుకున్నాడు మావాడు. ‘నాన్నా, వాన వెనక నుంచి కురుస్తోంది’ అని నాకూ పెట్టి వినిపించాడు. నిజంగానే వెనక కురిసింది. పన్నెండు వేల హెడ్‌ఫోను పెట్టెలో ఉంది. గేమ్ మోడ్ మాత్రం మావాడు మొదటి రోజే ఆన్ చేశాడట, నాకే తెలియలేదు.

కడపబండ గారూ, మీరు అడిగిన పదం చూశాను. పెట్టె మీద ‘మోషన్ రేట్ 120’ అని ఉంది. అమ్మిన కుర్రవాడు 120 హెర్ట్జ్ అనే చెప్పాడు, బిల్లు వెనక చేత్తో అలాగే రాసిచ్చాడు కూడా.


కడపబండ, కడప
అక్టోబరు 8, రాత్రి 10.15

నేను భయపడిందే అయింది. ‘మోషన్’ అన్న పదం ముందుంటే ఆ అంకెలో సగమే అసలు లెక్క అనుకోవాలి. సాధారణంగా ప్యానెల్ 60 మాత్రమే అయి ఉంటుంది. ఇలాంటిదే ఇంకొకటి ఉంది, టీవీకి తీగ తగిలించే సాకెట్టు మీద హెచ్‌డీఎంఐ 2.1 అని రాసి ఉన్నా అందులోని సదుపాయాలన్నీ ఇవ్వాలన్న నిబంధన లేదు. 2.1 గరిష్ఠ వేగం సెకనుకు 48 గిగాబిట్లు, పాత 2.0కు 18. పాత వేగంతోనే నడిచే సాకెట్టు మీద కూడా కొత్త పేరు వేసుకోవచ్చు. కాబట్టి పేరు అడగకండి. ‘4కెలో 120 హెర్ట్జ్ తీసుకుంటుందా’ అని సూటిగా అడగండి.

ఊహించడం ఎందుకు, మీ ప్లేస్టేషనే చెబుతుంది. సెట్టింగుల్లో ‘స్క్రీన్ అండ్ వీడియో’లోకి వెళ్ళి, ‘వీడియో అవుట్‌పుట్ ఇన్ఫర్మేషన్’ తెరవండి. మీ టీవీ ఏయే హెర్ట్జ్‌లు తీసుకోగలదో అక్కడ వరసగా ఉంటుంది.


హంద్రీగట్టు, కర్నూలు
అక్టోబరు 8, రాత్రి 10.50

తెరిచాను. 60 ఉంది. 120 లేదు.

4కె విషయంలో నన్ను ఎవరూ మోసం చేయలేదు. నా సోఫా దూరంగా ఉండటం నా తప్పు. కానీ ఇది వేరు. చూడలేని చుక్కలు నిజంగా అమ్మారు, చేతికి తెలిసే వేగాన్ని మాత్రం ఉందని చెప్పి ఇవ్వలేదు.


రాగమాలిక, కర్నూలు
అక్టోబరు 9, ఉదయం 8.05

బిల్లు వెనక రాసిచ్చిన కాగితాన్ని ఫోటో తీసి భద్రపరచండి, మీ చేతిలో ఉన్న ఆధారం అదే. ముందు దుకాణానికి రాతపూర్వకంగా ఇవ్వండి. పలకకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం కింద, వస్తువు విలువ ఐదు లక్షల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు. తప్పుదారి పట్టించే ప్రకటనలకు పది లక్షల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థకు ఇచ్చింది కూడా ఆ చట్టమే.


పత్తిమార్కెట్టు, ఆదోని
అక్టోబరు 11, రాత్రి 9.00

జంపఖానా పరిచి, ‘వాయిస్’ మీట వేసి, అమ్మ మంచాన్ని ముందుకు జరిపాము. ఈ రాత్రి సీరియల్లో అత్త ఏమన్నదో నన్ను అడగలేదు. నాకే చెప్పింది.


హంద్రీగట్టు, కర్నూలు
అక్టోబరు 13, రాత్రి 8.45

దుకాణానికి శుక్రవారం ఉత్తరం ఇచ్చాను. ‘అన్ని కంపెనీలూ అలాగే రాస్తాయి సార్’ అన్నారు. 1915కు ఫోను చేసి ఫిర్యాదు సంఖ్య తీసుకున్నాక ఈ మధ్యాహ్నం దుకాణం వారే ఫోను చేసి, గురువారం మనిషిని పంపుతామనీ, తేడా కడితే 120 ప్యానెల్ ఉన్న టీవీకి మారుస్తామనీ అన్నారు. ఆ తేడా నేను ఎందుకు కట్టాలన్నది గురువారం మాట్లాడాలి. మార్చేటట్టయితే 55 బదులు 50 చాలునా అని మా ఇంటావిడ అడుగుతోంది. సోఫాను మాత్రం ఈ ఉదయం మూడడుగులు ముందుకు జరిపాము.


కడపబండ, కడప
అక్టోబరు 13, రాత్రి 9.20

50 చాలు మాస్టారూ. ఆ మనిషి వచ్చినప్పుడు ప్లేస్టేషన్ ఆన్ చేసి ఆ తెరే చూపించండి, మీరేమీ మాట్లాడవద్దు. మార్చి ఇచ్చిన దానికి కూడా ఆయన ఎదుటే పరీక్ష చేసి, 120 కనిపించాకే సంతకం పెట్టండి.